అగస్త్యుడు తాగని నీళ్లు

పోర్ట్ అగస్టాలో సముద్రం అయిపోతుంది.
మూడు వందల కిలోమీటర్లు నేల లోపలికి వచ్చి వచ్చి
పాత వంతెన కింద, మడచెట్ల బురదలో
సన్నటి పాయై ఆగిపోతుంది.
బదిలీ కాగితంలో ఊరి పేరు చూసిన రోజే
నాలో నేను నవ్వుకున్నాను:
అగస్టా కాదు, అగస్త్య.
ఆయనే తాగి, ఈ మాత్రం మిగిల్చి ఉంటాడు.

రైలు పట్టాల లెక్కలు చూసే ఉద్యోగం నాది.
జనవరిలో నలభై నాలుగు దాటితే
ఇనుము వంకర పోతుందని పని ఆపేస్తారు.
ఇంట్లో ఏసీ పాడైంది. లైబ్రరీలో చల్లగా ఉంటుంది.
అలా మొదలైంది నా పురాణ పఠనం,
భక్తి వల్ల కాదు, వడగాలి వల్ల.

మొదట చేతికొచ్చింది తళతళలాడే అట్టది.
లోకంలో దేవుళ్లందరినీ అందులో
పెళ్లి గ్రూప్ ఫోటోలా నిలబెట్టారు,
పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక.
ఇంద్రుడికి అరపేజీ.
ఐరావతానికి రెండే దంతాలు.
అక్కడ మూసేశాను.

రెండోది లావుపాటిది, మహా ధైర్యం గలది.
అన్ని ప్రళయాలూ ఒకే ప్రళయమంది,
అన్ని పాములూ ఒకే పాము.
ఎవరు చెప్పారో, ఏ భాషలో, ఏ పొయ్యి పక్కనో
చివరి పేజీల్లో వెతికితే
అచ్చుతప్పుల పట్టిక కూడా లేదు.
అయినా వారం రోజులు దాని మత్తులోనే ఉన్నాను.
నా అగస్త్యుడికి అది సాక్ష్యం మరి.

గ్వెన్ అని లైబ్రేరియన్, రిటైర్మెంటుకి ఎనిమిది నెలలు.
నా చేతిలో బరువు చూసి ఒక్క మాటంది:
"కథని ముందు నుంచి చదువు, పుస్తకాన్ని వెనక నుంచి చదువు."
అప్పట్నించి వెనక నుంచే.
ఐస్‌లాండ్ దేవుళ్లది ఒకటి దొరికింది,
పేజీలో సగం కథ, సగం తగువు:
ఇక్కడ ఒక పాదం పోయింది,
ఈ మాటకి అర్థం మాకు తెలీదు.
తెలీదన్న పుస్తకం మీద ఎంత నమ్మకం కుదిరిందో!
నైజీరియాది ఇంకోటి. చెప్పినామె పేరూ,
చెబుతూ చెబుతూ మధ్యలో మేకని అదిలించిన సంగతీ
అన్నీ ఉన్నాయి. మూడుసార్లు రెన్యూ చేశాను.

ఇక ఈ నేల కథలు కావాలన్నాను.
గ్వెన్ ఒక అర చూపించింది.
రెండు పుస్తకాల మధ్య వేలెడు ఖాళీ.
"పాతదొకటి ఉండేది. వాళ్లు అడిగారు, ఇచ్చేశాం.
అందరూ వినే కథలు కావవి."
నాకు కోపమొచ్చింది, ఒప్పుకుంటాను.
కార్డు ఉన్నవాడికి లోకమంతా ఇవ్వాలని నా లెక్క.

గురువారాలు పిల్లలకి కథ చెప్పడానికి ఆంటీ రోనా వస్తుంది.
వట్టి చేతుల్తో వెళ్లలేక
నా అగస్త్యుణ్ణి వెంటబెట్టుకెళ్లాను.
సముద్రం తాగిన ముని, మీ పాయ, ఊరి పేరు,
చూశారా ఎంత దగ్గరగా కుదిరిందో!
ఆమె చివరిదాకా విన్నది.
"మంచి తాగుడే.
అయితే ఆయన్నిక్కడికి ఎవరు పిలిచారు?"

నోట మాట లేదు.
కాసేపటికి గుర్తొచ్చాడు, జనగామ అవతల మా వాడకట్టులో
చుట్టిన పటం ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలాయన.
"ఇది నీకు విప్పేది కాదు బిడ్డా.
మా మిరాశీ ఉన్న ఇండ్ల ముంగటనే విప్పుతం.
అడిగినోళ్లందరికి చెప్తే అది కథ గాదు, కూత."
పదేళ్లవాణ్ణి, రూపాయి చూపించాను.
ఆయన దానివైపు చూడనైనా లేదు.

అదీ చెప్పాను రోనాకి.
ఈసారి నవ్వి, కుర్చీ జరిపింది.
"ఆయన పేరు?"
తెలీదన్నాను.
"మరి ముందు అడగాల్సింది అదే కదా."

తర్వాత పిల్లలకి చెప్పే కథ ఒకటి నాకూ చెప్పింది.
చిన్నది. ఎవరైనా వినొచ్చంది.
ఇక్కడ రాయను.
వినొచ్చంది గానీ, రాయొచ్చనలేదు.

సాయంత్రం వంతెన మీద నిలబడితే పోటు ఎక్కుతోంది,
ఎవరూ తాగని నీళ్లు, మడవేళ్ల మధ్య గుడగుడమంటూ.
నోట్‌బుక్ తిరగేసి, చివరి పేజీలో
జనగామ, పటం, ముసలాయన అని రాసి
పేరుకి చోటు వదిలాను.