ఘనాల రిజిస్టరులో ఒక శుక్రవారం

సొహార్‌లో కాంక్రీటు పరీక్షల ల్యాబులో నా కొలువు.
అచ్చులో పోసిన ఘనాన్ని ఏడో రోజున ఒకటి,
ఇరవై ఎనిమిదో రోజున ఒకటి
మిషన్లో పెట్టి నలగ్గొడతాను.
ఏ బరువు దగ్గర పగిలిందో రాసుకుంటాను.
అందుకే మాటల్ని కూడా
పగిలేదాకా నమ్మబుద్ధి కాదు.

ఓబుళేసు పందొమ్మిదేళ్లుగా నీళ్ల ట్యాంకరు తోలుతున్నాడు.
రాత్రి చపాతీలు కాలుస్తూ అన్నాడు:
"ఈ దావలో నా కండ్లు కట్టేసినా తోల్తా.
మలుపులు నాకు గాదు, నా చేతులకు తెలుసు."
పై మంచం మీంచి ఇమామ్ పీరా అందుకున్నాడు:
"చూపు పోతే చెవులు పదునెక్కుతాయంట.
ఇసుక గాలిలో రోడ్డు వాసన పట్టి వచ్చినోళ్లు ఉండారు."
నేను రిజిస్టరు తీశాను.

ఊరి బయట ఉప్పు నేల.
చెట్టు లేదు, స్తంభం లేదు.
దక్షిణానికి సున్నంతో ఒక గీత, యాభై మీటర్ల టేపు,
పాత పికప్పు, గంటకు పదిహేను.
పక్క సీట్లో నేను, హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి.
ఓబుళేసు కళ్ళకు తువ్వాలు, రెండు మడతలు.

ముందు నేరుగా పొమ్మన్నాను.
ముప్పై ఎనిమిది మీటర్లకు గీత తప్పాడు.
దిగి, తువ్వాలు విప్పుకుని, తన టైర్ల జాడను
ఇంకెవడిదో అన్నట్టు చూశాడు.
"నేల వాలుగా ఉంది."
రసమట్టం పెట్టాను.
బుడగ నడిమధ్యలో కదలకుండా కూర్చుంది.

తరువాత, ఎడమ వరుసలోకి మారమన్నాను.
స్టీరింగు ఎడమకు తిప్పాడు, బాగానే తిప్పాడు.
బండి మళ్ళీ తిన్నగా కావాలంటే
అంత మేరా కుడికీ తిప్పాలి.
అతను మధ్యకు తెచ్చి వదిలేశాడు.
"మారినా," అన్నాడు ధీమాగా.
బండి ఏటవాలుగా సముద్రం కేసి పోతూనే ఉంది.
నేను బ్రేకు లాగాను.

పీరాదీ అంతే. నా వంతు వస్తే నాదీ అంతే.
'తిరిగి తిప్పాడా' అనే గడిలో
తొమ్మిది సార్లు లేదు, లేదు అని రాశాను.
చేతులకు తెలిసింది సగమే.
తక్కిన సగం ఇన్నేళ్లూ కళ్ళు చేస్తుంటే
చేతుల పేరు మీద చెలామణి అయింది.

చెవుల సంగతి తేల్చడానికి పీరా
ఖల్ఫాన్‌ను వెంటబెట్టుకొచ్చాడు.
పుట్టుకతో చూపు లేదు. ఎండుచేపలు అమ్మి
సూక్ నుంచి ఇంటికి ఒక్కడే నడిచి పోతాడు.
"నా చెవులూ మీవీ ఒకే అంగట్లో కొన్నవే," అని నవ్వాడు,
"మీకు బేరమాడే అవసరం రాలేదు, అంతే.
గోడ ఉంటే అడుగుల చప్పుడు తిరిగొచ్చి చెబుతుంది.
ఇక్కడ పోయింది పోయినట్టే."
నడిచాడు.
నలభై రెండు మీటర్లకు అతనూ కుడికి జారాడు.
పీరా మొహం వాడిపోయింది,
జేబులోంచి ఒక అద్భుతం ఎక్కడో పడిపోయినట్టు.

"అసర్ దాకా ఆగండి," అన్నాడు ఖల్ఫాన్.
ఖర్జూరాలు తిన్నాం. ఫ్లాస్కు ఖాళీ చేశాం.
గాలి సముద్రం మీదికి మారింది.
అతను ముఖం అటూ ఇటూ జరిపి
ఎడమ చెంప మీద దానికొక చోటు చూపించి
బయల్దేరాడు.
టేపు రెండున్నర సార్లు పరిచాం.
తేడా రెండు మూరలు.

ఓబుళేసు అద్దాలు దించి
అదే గాలితో ఇంకోసారి తోలాడు. నలభై.
బండి తన గాలిని తానే పుట్టించుకుంటుంది,
దానికి దిక్కు ఉండదు.

తిరిగొచ్చేటప్పుడు హైవే మీద
వరుసల మధ్య బొడిపెలు టైరు కింద టకటకమన్నాయి.
ఓబుళేసు ఏమీ అనలేదు.
స్టీరింగు మీద ఎప్పుడూ ఒక్క చెయ్యే ఉండేది,
ఇవాళ రెండున్నాయి.

"నా గురించి ఏం రాశావు?" వెనక సీట్లోంచి ఖల్ఫాన్.
చదివాను.
"గాలి ఎంతో రాయలేదే."
పరికరం లేదన్నాను.
బండి ఆపమన్నాడు. దిగి, ఒక లారీ పోయేదాకా ఆగి,
వేలు తడుపుకుని పైకెత్తాడు.
అతను హిందీలో చెప్పింది
నేను తెలుగులో రాసుకున్నాను:
దీపం ఆరుతుంది, వల ఆరదు.
యూనిట్ల గడి ఖాళీగా వదిలేశాను.