ఆరు నిమిషాలు

పాపువా కొండల్లో
ఒక్సాల్ నుంచి బిమ్‌తెమ్‌కి పంతొమ్మిది కిలోమీటర్లు.
విమానంలో ఆరు నిమిషాలు.
రేకుల షెడ్డు గోడ మీద ఆ అంకెలు రాసింది నేనే,
పడవకి వెయ్యగా మిగిలిన నీలం రంగుతో.

మా తాత లెక్క వేరు:
రెండు నిద్రలు, ఒక తీగల వంతెన,
జలగల లోయ ఒకటి.

మంగళవారం నెమిస్ వచ్చింది.
కాటా మీద నిలబెట్టాను: యాభై రెండు.
చేమదుంపల సంచి: పదకొండు.
అవతల కూతురు నీళ్లాడిందట.
టికెట్టు డబ్బులు అరటాకులో చుట్టి తెచ్చింది,
నోట్లకి పొయ్యి వాసన.

రేడియోలో పైలట్:
కనుమ మూసుకుంది, రేపు చూద్దాం.
బుధవారం అదే గొంతు, అదే రేపు.
"నీ ఆరు నిమిషాలు ఎప్పుడు మొదలవుతాయి?" అంది నెమిస్.
నేను రన్‌వే మీద గడ్డి వైపు చూశాను.
డబ్బులు వెనక్కి అడగలేదు.
సంచి కాటా మీదే వదిలి
కర్ర పుచ్చుకుని అడవిలోకి దిగిపోయింది.

శుక్రవారం మబ్బు విడింది.
ఆమె సీట్లో సంచిని కూర్చోబెట్టి బెల్టు బిగించాను.
ఒక దుంప అప్పటికే మొలక వేసింది.

సాయంత్రం బిమ్‌తెమ్ ఏజెంటు చెప్పాడు:
విమానం ఆగేసరికి రన్‌వే చివర ఒక ముసలామె,
మోకాళ్ల దాకా బురద,
జలగలు పీకిన చోట ఇంకా నెత్తురు,
చేతుల్లో పసిగుడ్డు.
"నా సంచికి ఇంతసేపా?" అందట.

రిజిస్టరులో ప్రయాణ సమయానికి ఒక గడి ఉంది.
సంచికి ఆరు నిమిషాలని రాశాను.
ఆమె పేరు ఎదుట ఏం రాయమంటావని అడిగాను.
వాడు నవ్వాడో,
రేడియోనే గరగరలాడిందో.