బ్రేకు వేసే చెయ్యి

పొద్దున ఆరుంపావు, గ్దాన్‌స్క్‌లో ఇంకా చీకటే.
ఓడలు కట్టడం మానేసిన షెడ్డులో
బోగ్న గుండ్లు వరసగా పెడుతుంది,
పిడి ఉన్న ఇనుప గుండ్లు,
పన్నెండు కిలోలవి, పదహారువి,
ఒక్కటి మాత్రం ఇరవై నాలుగు.
దానికి పేరుంది: అత్తగారు.

మేం ఏడుగురం.
వెల్డింగ్ మానేసిన జెనోన్, మోకాళ్లు రెండూ అరిగినవాడు.
చేపల మార్కెట్లో ఐసు మోసే అక్కచెల్లెళ్లు.
ఎన్నాళ్లయినా పేరు చెప్పని ఒక పంతులమ్మ.
నేను ట్రామ్ నడుపుతాను.
పదిహేడేళ్లుగా కూచునే ఊరంతా తిరిగాను,
నడుము కొయ్యబారింది.

"ఎత్తకండి. నేలని తొయ్యండి," అంటుంది బోగ్న.
"వీపుతో కాదు, తుంటితో."
"ఊపిరి అలా దాచుకుంటారేం, బంగారమా?"

సాయంత్రాలు ఇదే షెడ్డులో నాట్యం చేస్తుందని తెలుసు.
నాకు నాట్యమంటే
కొత్త సంవత్సరం రాత్రి టీవీలో ఈకల టోపీలు.

ఇరవై తొమ్మిదో ఏట వేదిక మీదే
మడమ వెనక నరం తెగిందట.
ఆ చప్పుడు చివరి వరస దాకా వినబడిందట.
జనం అదీ ఆటలో భాగమనుకుని
చప్పట్లు కొట్టారట.
తర్వాత పద్నాలుగు నెలలు
గుండు ఎత్తడం, దించడం,
వేరే అడుగు లేదు.
ఇప్పుడు నలభై మూడు.

ఈ రెండు పనులూ ఎలా కుదురుతాయని అడిగాను.
"ఇది అద్దె కడుతుంది," అంది లేసు బిగిస్తూ,
"అది తింటుంది."
కాసేపాగి తనే నవ్వింది.

ఫిబ్రవరిలో ఒకరోజు
బల్ల మీద కూచుని అలుపు తీర్చుకుంటున్నాను.
"అదేంటి?" అంది.
"ఏది?"
"నీ ఎడం చెయ్యి. మళ్లీ చెయ్యి."

చెయ్యమంటే రాలేదు.
చేస్తున్నట్టే నాకు తెలియదు.
ఇంటికెళ్లి బీట్‌రూట్ చారు కలుపుతుంటే దొరికింది:
బ్రేకు.
ఒలీవా మలుపులో పట్టాలు మంచు పట్టినప్పుడు వేసేది.
ఒక్కసారిగా కాదు,
మూడు ముక్కలుగా,
నిలబడ్డ ముసలమ్మల సంచుల్లో
గుడ్లు చితక్కుండా.

ఆరు వారాలు నన్ను వదల్లేదు.
అత్తగారిని ఒంటిచేత్తో ఊపేది,
ఊపు మీదున్న ఇరవై నాలుగు కిలోలని
గాల్లో మూడుసార్లు ఆపేది.
నేను కుర్చీలోంచి,
"రెండోది సరే. మూడోది ఇంకా మెత్తగా."
"ఇంకా?"
"ఇంకా. వెనక పసిపిల్ల నిద్రపోతోంది అనుకో."
చెమట గడ్డం మీదుగా కారి సిమెంటు మీద పడేది.
నేను ఒకరికి ఏదైనా నేర్పడం
అదే మొదలు.

ప్రదర్శన నాడు నలభై కుర్చీలు, ముప్పై ఒక్క మంది.
హీటరు ఒకటే పనిచేసింది, అదీ గట్టిగా మూలుగుతూ.
ఆమె తల ఒక్క విదుపు విదిపింది.
ముసుగు కిందికి దించుకునే జెనోన్ అది!
పక్కన జెనోన్ కుర్చీ పట్టుకున్నాడు.
భుజంతో గాలిని నెట్టింది, గాలి ఐసు దిమ్మలా బరువెక్కింది.
పంతులమ్మది ఏముందో నాకు తెలియలేదు,
ఆవిడ మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది,
పెట్టుకుంది, మళ్లీ తీసింది.

చివర గుండు.
ఊపు.
ఒకటి. రెండు.
మూడోదానికి
ఖాళీ కుర్చీలతో సహా అందరం
కొంచెం ముందుకి ఒరిగాం.

మర్నాడు నాలుగున్నర షిఫ్టు.
మలుపు దగ్గర చెయ్యి తన పని తాను చేసింది.
పదిహేడేళ్లలో తొలిసారి అద్దంలో చూశాను:
కమ్మీలు పట్టుకున్న పాతికమంది,
కోట్లు, టోపీలు, నిద్రమొహాలు,
ఒక్కటిగా ముందుకి వంగి
ఒక్కటిగా వెనక్కి వచ్చారు.
ఎవరూ ఎవరినీ చూడలేదు.

చూస్తూ ఉండిపోయానేమో,
స్టాపులో తలుపు ఆలస్యంగా తీశానని
దిగుతూ ఒకాయన తిట్టాడు.