బై ఇరవై నాలుగు

ఫారం మీద మూడు డబ్బాలు.
శుక్రవారం సాయంత్రం అయిదు లోపల
ఒకదాంట్ల టిక్కు కొట్టాలె.

ఫీజు కంపెనీదే అన్నది ట్రైనింగ్ మేడం.
తప్పితే పరీక్ష ఫీజు మాత్రం
మూడు నెలల జీతంల కోసుకుంటరట.
పాసైతే, రెండేండ్లు ఎటూ పోనని సంతకం.
పదకొండేండ్లు ఏ సంతకం లేకుంటనే
నేనెటూ పోలే మేడం...
అనలేదు. తలూపిన.

ఒకటో డబ్బా: ఇంట్ల కూసోని చూసే వీడియోలు.
మా ఇంట్ల కూసునే జాగ ఒక్కటే,
అది మా రవళిక లెక్కల పుస్తకాలది.
రెండోది: గచ్చిబౌలిల అయిదు రోజుల క్యాంపు,
ఏసీ గది, మధ్యాహ్నం బిర్యానీ,
చివరి రోజు అందరికీ ఫొటో.
మూడోది: అమీర్‌పేట, లిఫ్టు లేని మూడో అంతస్తు,
నాలుగు నెలలు,
పొద్దున ఆరున్నర బ్యాచి.

ఒక్క మాట అడిగిన:
ఈ మూడింట్ల
"నాకు సమజ్ కాలే" అని ఎక్కడ అనొచ్చు మేడం?
ఆమె ఫారం తిప్పి చూసింది.
వెనక ఖాళీ.

నా చేతులకు తెలిసిందే నాకు తెలుసు.
వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ...
వానల, చీకట్ల, ఫోను లైటు పండ్ల నడుమ కరుచుకోని
ఎనిమిది తీగలు వరుసల పెట్టి క్లిప్పు నొక్కుత.
కోతి కొరికిన కొసకూ
రోడ్డు తవ్వినోళ్లు తెంపిన కొసకూ
తేడా వేలితోని చెప్పుత.

అయితే మొన్న, పై ఆఫీసు నుంచి ప్రణీల్
"అన్నా, ఆ ఇంటికాడ మాస్క్ ఎంతుంది?" అంటే
కరోనా పోయింది కద తమ్మీ అన్న.
ఫోన్ల అవతల నలుగురు నవ్విన్రు.
నేను స్తంభం మీదున్న.
దిగేదాక నేను కూడ నవ్విన.

కోఠీల ఎనభై రూపాయలకు పాత పుస్తకం కొన్న.
పదిహేడో పేజీల ఎవరో పెన్సిల్‌తోని
"ఇది ముఖ్యం" అని రాసుకున్నరు.
ఆ తర్వాత ఏ పేజీలనూ ఒక్క గీత లేదు.
ఎవరో పాపం.

రాత్రి రవళిక గట్టిగ చదివింది:
నూట తొంభై రెండు చుక్క, నూట అరవై ఎనిమిది చుక్క,
పది చుక్క, సున్నా,
బై ఇరవై నాలుగు.

ఆగు బిడ్డా. ఏమన్నవ్?
బై.

బై లేని ఇల్లు ఈ పట్నంల ఎక్కడున్నది?
పన్నెండు, పదకొండు, ఏడొందల నలభై,
బై బి, బై ఆరు.
ముందటి అంకెలు గల్లీ దాక తోలుకపోతయి,
వెనకటివి గడప చూపిస్తయి.
అన్నదమ్ములు పంచుకుంటే ఒక బై పుడ్తది,
మేడ మీద కిరాయికి అర్ర వేస్తే ఇంకోటి.
పదకొండేండ్లు నేను ఎక్కి దిగింది
ఈ గీతల మీదనే.

సరిగ్గ గిదే కాదని తర్వాత సారు చెప్పిండు.
అయినా, నువ్వు కొట్టింది తప్పు తలుపు గాదు,
పక్క తలుపే అన్నడు.

శుక్రవారం నాలుగూ యాభైకి
మూడో డబ్బాల టిక్కు.
సంతకం కాడ పెన్ను జరసేపు ఆగింది.
రెండేండ్లంటే నాకు ముప్పై తొమ్మిది.
సంతకం పెట్టకున్నా ముప్పై తొమ్మిదే.

సోమవారం. ఆరూ ఇరవై.
అరవై నాలుగు మెట్లు, తలుపు కాడ
నా భుజానికి టూల్ బ్యాగు చూసి
ఇరవై ఏండ్ల పోరడొకడు
"వచ్చినవా అన్నా, నిన్నటి నుంచి నెట్ రాట్లే" అని
మూలకున్న డబ్బా చూపెట్టిండు.

చూసిన.
ఒక క్లిప్పు వదులైంది. నొక్కిన.
పచ్చ లైటు కొట్టుకున్నది.
పోయి రెండో బెంచి మీద కూసున్న.
వాడు నన్నే చూస్తుండు.

జేబుల ఫోను వణికింది.
వారాసిగూడ. మళ్ల కోతులు.
ఎనిమిదిటి దాక ఆగుమన్న.