ముట్టింది

మా దిక్కు చీకటి పడ్డంక ఆ పేరు తియ్యరు,
పురుగు అంటరు.
కరిచింది అనరు,
ముట్టింది అంటరు.
నాట్లప్పుడు పెద్దదవఖానల రాత్రి డ్యూటీ అంతా
ఆ ఒక్క మాటే ఇనాలె.
పరకాల నుంచి ఒకలు, ఏటూరునాగారం నుంచి ఒకలు,
ఆటోలల్ల, ట్రాక్టరు డబ్బలల్ల,
బురద ఆరని కాళ్లతోటి.

నేను ల్యాబుల నెత్తురు తీస్త.
గాజు గొట్టంల రెండు మిల్లీలు పోసి
ఇరవై నిమిషాలు కదపకుంట పెడ్త.
ఆఖరికి మెల్లగ వంపుత.
గడ్డకట్టిందా, మంచిది.
నీళ్ల లెక్క జారిందా,
ఉరుకుడే.

గసొంటి నా ఇంటికి
ఒక ఆదివారం పొద్దుగాల
నెత్తురిచ్చెటందుకు వచ్చి ఎరుకైన ఇంజినీరింగు పిల్లగాడు నిషాంత్
దిండుగలీబుల తెచ్చిండు బాల్ పైతాన్‌ను.
"హాస్టల్ల వార్డెను చూసిండక్కా.
కాయితాలు అన్నీ ఉన్నయి. విషం లేదు.
పేరు సకినం.
వారం దాక ముట్టకు."

కుమార్‌పల్లిల నాది ఒక్కటే అర్ర.
కుట్టుమిషను జరిపి గాజుపెట్టె పెట్టిన.
అడుగుకు కొబ్బరిపీచు,
ఒక మూలకు పలిగిన రంజను పెంక బోర్లిచ్చిన,
ఇంకో మూలకు చెప్పుల డబ్బ.
ఎచ్చన దిక్కొకటి, సల్లన దిక్కొకటి,
ఏది మనసైతే అండ్ల పంటదట.
నాకెన్నడు దొరకని సౌలతు.
నీళ్లకు స్టీలు గిన్నె,
అంచుకు మా అమ్మ పేరు చెక్కి ఉంటది, చంద్రకళ అని.

నాలుగొద్దులు పెంక కిందికెళ్లి బయటికి రాలే.
డ్యూటీ దిగి, తలుపు సప్పుడు కాకుంట తీసి
బండల మీద కూసొని చూసేదాన్ని.
ఒకనాడు తోక కొస.
ఒకనాడు నాలుక.
నా చేతుల స్పిరిటు వాసన చదువుకొని
మళ్ల లోపలికి.

ఐదోనాడు వానకు కరెంటు పోయింది.
ఎచ్చటి పట్టా సల్లవడ్డది.
హార్లిక్సు సీసాల వేడినీళ్లు పోసి
పాత తువ్వాల సుట్టి గాజుకు ఆనిచ్చిన.
గంటకోసారి నీళ్లు మార్చుకుంట,
నన్ను నేనే తిట్టుకుంట.

పంచమి నాడు ఇంటామె కొంరమ్మ
గిన్నెడు పాలు పట్టుకొని గడపకాడ నిలవడ్డది.
లోపలికి రాదు, ఎనుకకు పోదు.
"పాలు తాగదు పెద్దమ్మా, దానికి పడవు."
"మరేం తింటది?"
చెప్పిన.
ఆ పాలతోటి ఇద్దరం చాయ పెట్టుకున్నం, బయట మెట్ల మీద.

ఎనిమిదోనాడు
ఐసుపెట్టెల తొక్కు డబ్బ ఎనుక దాసిన ఎలుకను తీసి
గోరెచ్చని నీళ్లల్ల కరగనిచ్చి
పట్టకారుతోటి ఆడిచ్చిన.
మొఖం తిప్పుకున్నది.
నడుమల తల దాసుకొని నిజంగనే సకినమైంది.
ముట్టలే.
"భయమున్నన్ని రోజులు తినదక్కా, ఆగు."
ఆగుడు నాకు తెలువదా? ఆగుడే నా నౌకరి.

ఆ రాత్రే భూపాలపల్లి దిక్కుకెళ్లి
పదహారేండ్ల పోరిని తెచ్చిండ్రు.
కలుపు తీస్తాంటె ముట్టిందట.
గొట్టం వంచితే జారింది.
రెండు రోజులు నేను గాజుపెట్టె దిక్కు చూడలే.
మొఖం అటు పెట్టి
నీళ్లు మాత్రం మార్చిన.
మూడోనాడు సిస్టరు చెప్పింది,
పోరి లేచి దువ్వెన అడుగుతున్నదని.

ఆ రాత్రి నాకు సెలవు.
బుగ్గ బందువెట్టి, మళ్లొక ఎలుక.
ఈసారి పట్టకారు కదపలే, అట్లనే పట్టుకొని కూసున్న.
చెయ్యి గుంజుతాంది.
ఎప్పుడు కదిలిందో చూడనేలే,
పట్టకారు ఖాళీ,
పీచుల మెడ మలుసుకొని మూడు సుట్లు.
తలకాయ దిక్కునుంచి మొదలువెట్టింది.
అలవాటుకు గడియారం చూసిన.
పద్దెనిమిది నిమిషాలు.

పిల్లగానికి ఫోను కలిపిన.
అర్ధరాత్రని సోయి లేదు, మెల్లగ మాట్లాడాలని సోయి లేదు.
"నిషాంతూ, ముట్టింది! ముట్టింది రా!"

గోడ అవుతల మంచం కిర్రుమన్నది.
లైటు వడ్డది.
"అయ్యో బిడ్డా," కొంరమ్మ గొంతు,
"ఎవల్ని?"