పద్నాలుగు మెట్లు

ముగ్గురం వెళ్ళాం, రాజోలు బస్సులో.
నర్సు మరియరత్నం, లైన్‌మన్‌గా రిటైరైన ఆదిశేషు గారు, నేను.
బట్టలు కొలిచే టేపు నా సంచిలో ఉంది.
ఏడున్నర సీరియల్ ఆగిపోయి ఆరేళ్ళు.
అయినా ఆ వేళకి నా చెయ్యి
రిమోటు కోసం తడుముకుంటుంది,
పన్ను ఊడిన చోటికి నాలిక వెళ్ళినట్టు.

చింతలలంక రేవులో దిగి అడిగితే
"సీరియలోళ్ళ మేడా? ఆయ్, రొయ్యల చెరువు గట్టు పట్టుకుని
అలా తిన్నగా ఎల్లిపోండి" అన్నాడు
దింపులాయన, కొబ్బరి చెట్టు మీంచే.

అసలు పేరు కురిడీ మేడ.
ఆదిశేషు గారు ముందే కూపీ లాగారు,
రిజిస్ట్రారాఫీసులో నకళ్ళు తీయించి.
కురిడీలు ఎగుమతి చేసిన ముత్యాల కామరాజు కట్టించాడట.
టేకు దూలాలు కాకినాడ నుంచి పడవల మీద వచ్చాయట.
ఆయన పోయాక తమ్ముళ్ళు గదులు పంచుకున్నారు.
వంటిల్లు ఎవరి వాటాకీ రాలేదు,
కోర్టులో ఇరవై మూడేళ్ళు ఉడికింది.
మా అత్తగారి పాత్ర గరిటె పట్టి ఏలిన వంటిల్లు
అదే.

గేటు లేదు. స్తంభాలున్నాయి, వాటి మీద సింహాలు.
ఒకదాని దవడ ఊడి
లోపల కొబ్బరి పీచు కనబడుతోంది.

కాపలా వరాలమ్మ తాళాలు తెచ్చింది.
"నేనూ యేశానండి, తొమ్మిదొందల భాగంలో. శవం.
ఊపిరి బిగబట్టమన్నారు, రెండొందలిచ్చారు.
కోడలమ్మాయి నా కాళ్ళ మీద పడి
నిజంగానే ఏడిచేసింది.
ఆ నెల డబ్బులు రాలేదంట పాపం."

ఆ కోడలు వెనక్కి తిరిగిందంటే చాలు
నేను పెన్సిలు తీసేదాన్ని.
కుండ మెడ, ఆకు మెడ, తాళ్ళ మెడ.
మర్నాడు పొద్దున్నే నా గుమ్మంలో ఊరి ఆడవాళ్ళు.
మా ఇంటి స్లాబు సగం
ఆవిడ వీపు మీదే లేచింది.
ఈ మాట వాళ్ళిద్దరికీ ఆ హాల్లోనే మొదటిసారి చెప్పాను.

గోడ మీద గులాబీ రంగు పెచ్చులూడుతోంది.
పెచ్చు కింద ఒక బొగ్గు గీత, నా భుజం ఎత్తున.
"ఎనభయ్యారు" అంది వరాలమ్మ.
"గోదారి అక్కడి దాకా నిలబడిందండి.
సెట్టింగోళ్ళు మూడు పూతలేసి మూసేశారు.
ఆళ్ళ కతలో ఈ ఇల్లు ఎప్పుడూ మునగలేదంట."
పక్క గోడకి మాత్రం వాళ్ళే
బ్రష్షుతో పాతదనం పూశారు.
అది చెక్కు చెదరలేదు.

వెనక సంపెంగ తోట ఉండాలి.
ఉత్తరాలు దాచింది, పాము కరిచింది, మాట ఇచ్చింది అక్కడే.
లేదు. చెరువులు. ఏరేటర్లు నీళ్ళు చిలుకుతున్నాయి.
పునాది ఇటుకల మీద తెల్లగా ఏదో పూసింది.
మరియరత్నం వేలితో అద్ది నాలికకి రాసుకుని,
జ్వరం చూసి చెప్పినట్టే చెప్పింది:
"ఉప్పు. నడుం దాకా ఎక్కింది."

ఎన్నాళ్ళుంటుందని మేం అడగలేదు.
కరెంటు బిల్లు ఎవరు కడతారని ఆదిశేషు గారు అడిగారు.
వరాలమ్మ నవ్వింది. "వైరుంటే కదండీ."

చివర్న మెట్లు. పద్నాలుగు.
సీరియల్లో ఇరవై ఒకటి.
పెళ్ళినాటి భాగంలో ఆదిశేషు గారు లెక్కపెట్టి
కరెంటు మీటరు రీడింగుల పుస్తకంలో రాసుకున్నారు.
ఆ పేజీ తీసి చూపించారు,
మేడ అబద్ధమాడుతున్నట్టు.

"ఏడెక్కాక ఆపేసి, కిందికి దింపి,
మళ్ళీ మొదట్నించీ ఎక్కించేవోరండి" అంది వరాలమ్మ.
"అంత పట్టుచీరతోనూ."

కాసేపు ఎవరం మాట్లాడలేదు.
మరియరత్నం చెప్పులు విప్పింది.
మోకాళ్ళ నొప్పుల మనిషి.
ఏడెక్కింది. ఆగింది. దిగింది.
మళ్ళీ మొదలుపెట్టి పైదాకా ఎక్కింది.
కింద నిలబడి నేను బిగ్గరగా లెక్కపెట్టాను.
ఇరవై ఒకటి.
ఆదిశేషు గారు పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నారు.

పైన గది లేదు, ఎప్పుడూ లేదట.
దూలాలు, గబ్బిలాల వాసన, పొద్దుగూకే ఆకాశం.
"ఏం కనబడుతోంది?" అని అరిచాను.
"రొయ్యలోళ్ళ లైట్లు" అంది.

దిగేటప్పుడు
ఎవరం లెక్కపెట్టలేదు.