చెంచాడు సున్నం

ఫర్వానియాలో మూడో అంతస్తు.
గీజర్ చచ్చి పదకొండు రోజులు.

బిల్డింగు చూసుకునే హారిస్ అబూ సమీర్
గడప దాటకుండానే తీర్పు చెప్పాడు:
చిన్న రిపేరు నీది, పెద్దది ఓనరుది.
ఏది చిన్న, ఏది పెద్ద?
అగ్రిమెంటు అరబీలో ఉంది.
కింద సంతకం ఒక్కటే తెలుగు.

నా పనీ అదే, చూడండి.
సాల్మియాలో, జాబ్రియాలో
ఊరందరి ఏసీలూ గీజర్లూ విప్పి బిగిస్తాను.
ఆ సంగతి అతనికి తెలుసు.
"నువ్వే మేస్త్రీవి కదా" అని నవ్వాడు.

విప్పాను.
ఎలిమెంటు కాదు, ట్యాంకే తుప్పు.
అడుగున దోసెడు సున్నం.
నాకు ముందున్నవాళ్లు,
వాళ్లకు ముందున్నవాళ్లు
నీళ్లు పోసుకుని వెళ్లిపోయిన ఏళ్లు.
ఇందులో నా వంతు రెండేళ్లు.
ఒక చెంచాడు ఉంటుందేమో.

ఆ చెంచాడుకు లెక్క కట్టు, ఇస్తానన్నాను.
అబూ సమీర్ గడ్డం గోక్కుని
"మే నెల దాకా ఆగు" అన్నాడు.

అబద్ధమేం కాదు.
మే వస్తే మిద్దె మీది ట్యాంకే పొయ్యి,
చన్నీళ్ల కొళాయి కింద చెయ్యి కాలుతుంది.
అప్పుడు స్విచ్చి తీసేసిన గీజరే
మాకు చల్లకుండ.
కానీ కారే కుండ
ఏ కాలానికి పనికొస్తుంది?

ఓబులేశ్వరికి ఈ వాదాలు పట్టవు.
నాలుగున్నరకే స్టవ్ మీద గిన్నె పెడుతుంది.
పిల్లకు రెండు చెంబులు, నాకు రెండు,
మిగిలింది తనకు.

నిన్న గ్యాసు అయిపోయింది.
సిలిండరు ఎవరు మార్చాలో
అగ్రిమెంటు చదవకుండానే తెలిసింది.
భుజానికెత్తుకుని
మెట్లెక్కుతూ వచ్చాను.